హన్మకొండలో ఏషియన్ ఫ్యూజన్ భోజనం: ఇంటిల్లిపాదీ తృప్తిగా తిని రావాలంటే

మెనూ కార్డును చెయ్యంత దూరం పట్టుకుని రెండు పేజీలు తిప్పింది మా అత్తమ్మ. కిమ్చీ, రామెన్, బావ్, లక్సా, టామ్ యమ్. కార్డు నా ముందు పెట్టి, “బిడ్డా, గిందుల మనకెరుకైనయి ఏమన్న ఉన్నయా?” అని అడిగింది. హైదరాబాద్‌లో చదువుకునే మా అమ్మాయి సెలవులకొచ్చి, పట్టుబట్టి మమ్మల్నందర్నీ తీసుకెళ్లిన రోజది. నా దగ్గర జవాబు లేదు. అత్తమ్మ ఫ్రైడ్ రైస్ నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. ఇంటికొచ్చి పచ్చిపులుసు అన్నం కలుపుకుంది.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాం. అడిగాను, తిన్నాను, ఇంట్లో వండి చూశాను. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు నాకు తెలుసు: ఉన్నయి అత్తమ్మా, మస్తున్నయి. మనకు ఎరుకైన రుచిని ముందు పట్టుకుంటే, దాని వెంట కొత్త రుచిలోకి నడవొచ్చు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇంట్లో పెద్దవాళ్లతో, పిల్లలతో, శనివారం నియమాలున్నవాళ్లతో కలిసి ఇలాంటి చోటికి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

ముందుగా, ఫ్యూజన్ అంటే ఏమిటి

ఒక దేశపు వంట పద్ధతిలో ఇంకో దేశపు దినుసులు కలిపి వండడమే ఫ్యూజన్. మన హోటళ్లలో చైనా, జపాన్, కొరియా, థాయిలాండ్, వియత్నాం వంటలు ఒకే మెనూలో ఉంటాయి. వాటికి మన పనీరు, పచ్చిమిర్చి, కొత్తిమీర తోడవుతాయి. “ఇది అసలైన జపాన్ వంటేనా?” అని అక్కడ అడగడంలో అర్థం లేదు. అది కలగలుపు వంట, అలాగే చూడాలి.

ఈ కలగలుపు మనకు కొత్తదేమీ కాదు. బండి మీద గోబీ మంచూరియా తినని పిల్లవాడు వరంగల్‌లో ఉన్నాడా? దానికి మూలమైన చికెన్ మంచూరియన్‌ను 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు తయారుచేశాడని చెబుతారు. అల్లం, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చితో మొదలుపెట్టి, గరం మసాలా వేయాల్సిన చోట సోయా సాస్ పోశాడట. ఆ లెక్కన మనమంతా చిన్నప్పటి నుంచీ ఫ్యూజన్ తింటున్నవాళ్లమే. మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందే. అంతకుముందు మనకైనా, థాయిలాండ్‌కైనా, కొరియాకైనా ఎర్ర కారం లేదు.

మొదటి అడుగు: ఇంట్లోనే లెక్క చూసుకోవాలి

ఎవరెవరు వస్తున్నారు, ఆ రోజు ఏ వారం, ఎవరు ఏం తినరు. ఈ మూడూ బయల్దేరే ముందే తేలాలి. మా ఇంట్లో అత్తమ్మకు శనివారం, మావారికి సోమవారం నీసు ఉండదు. శ్రావణంలో, కార్తీకంలో ఇంకొందరు కలుస్తారు. అందరూ అన్నీ తినగలిగే రోజు చూసుకుంటే సగం చిక్కు అక్కడే తీరిపోతుంది.

పల్లీలు, నువ్వులు, రొయ్యలు, సోయా, గోధుమ పడనివాళ్లుంటే ఇంకా జాగ్రత్త కావాలి. సోయా సాస్‌ను మామూలుగా సోయా గింజలతో పాటు గోధుమతో పులియబెడతారు. అందుకని గోధుమ పడనివాళ్లు “నేను నూడుల్స్ తినను, అన్నమే కదా” అనుకుంటే సరిపోదు. ప్యాడ్ థాయ్ అనే థాయ్ నూడుల్స్‌లో, సాటే అనే పుల్లకు గుచ్చి కాల్చిన మాంసంతో ఇచ్చే సాస్‌లో పల్లీలు ఉంటాయి. కొరియా వంటల్లో చాలావాటి మీద నువ్వుల నూనె పడుతుంది. ఒకే మూకుడులో వరసగా అన్నీ వేయించే వంటగదుల్లో ఒక వంటలోది ఇంకో వంటలోకి అంటుతుంది కూడా. ఎలర్జీ సంగతి కూర్చోగానే మొదటి మాటగా చెప్పాలి, ఆర్డర్ మధ్యలో కాదు.

ముస్లిం స్నేహితులను వెంట తీసుకెళ్తే హలాల్ సంగతితో పాటు ఇంకో రెండు అడగాలి. రామెన్ అనే జపాన్ నూడుల్స్ గిన్నెలోని రసం పంది ఎముకలతో కాచిందా? సాస్‌లో మిరిన్ గానీ, వంటకు వాడే వైన్ గానీ ఉందా? మిరిన్ అంటే జపాన్‌వాళ్లు వంటలో తీపికోసం వాడే బియ్యపు మద్యం. ఇది ముందే ఫోన్‌లో కనుక్కుంటే స్నేహితులు టేబుల్ దగ్గర ఇబ్బంది పడరు.

వేళ సంగతి. రాత్రి ఏడింటికల్లా వెళ్లండి. ఎనిమిదిన్నర దాటాక, ముఖ్యంగా ఆదివారం, వంటగది మీద ఒత్తిడి పెరుగుతుంది. మనం అడిగే ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

రెండో అడుగు: మెనూను మన నాలుకతో చదవాలి

కొత్త పేరు కనిపిస్తే “ఇది ఏ దేశానిది” అనే ప్రశ్న పక్కన పెట్టండి. “ఇది మన ఇంట్లో దేనికి చుట్టం” అని అడగండి. నేను కట్టుకున్న చుట్టరికాలు ఇవి.

మోమో, డిమ్ సమ్, బావ్, ఇవన్నీ ఆవిరి మీద ఉడికేవి. మన కుడుముల కుటుంబం. మోమో టిబెట్, నేపాల్ వైపుది. అక్కడ దాంతో పాటు టమాటా, నువ్వులు నూరిన పచ్చడి పెడతారు. నువ్వుల పచ్చడి అనగానే సకినాల ఊరివాళ్లం మనకు ప్రాణం లేచొస్తుంది కదా. బావ్ అయితే మెత్తటి తెల్లని బన్. తీపి తక్కువ, పళ్లు లేనివాళ్లు కూడా నమలగలరు. పెద్దవాళ్లతో మొదలుపెట్టాలంటే నేను వీటితోనే మొదలుపెడతాను.

టామ్ యమ్ పులుపు కారం కలిసిన థాయ్ రసం. నిమ్మగడ్డి, నిమ్మాకు, నిమ్మరసం, పచ్చిమిర్చి, అల్లంలా ఉండే గలాంగల్ దుంప అందులో పడతాయి. ఆ దుంపకు మన ఆయుర్వేద దుకాణాల్లో దుంపరాష్ట్రం అని పేరు. చారు తాగే ఇంట్లో ఇది పరాయిదనిపించదు. కాకపోతే అందులో తేలే గట్టి ముక్కలు, నిమ్మగడ్డి కాడలు నమలడానికి కావు. చారులో కరివేపాకులా పక్కకు పెట్టాలి. మొదటిసారి మావారు నిమ్మగడ్డి కాడను పది నిమిషాలు నమిలారు. ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ప్యాడ్ థాయ్ బియ్యపు పిండి నూడుల్స్. దాని పులుపు చింతపండుది, పైన చల్లేది దంచిన పల్లీలు, తీపి తాటిబెల్లానిది. చింతపండు, పల్లీలు, బెల్లం, బియ్యప్పిండి! సర్వపిండి చేసే చేతికి ఇందులో తెలియనిదేముంది? నూడుల్స్ అంటే మైదా అని భయపడేవాళ్లకు ఇది మంచి దారి.

కిమ్చీ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు దాన్ని వాసన చూడగానే పక్కకు నెడతారు. అది నాపా క్యాబేజీని ఉప్పుతో వాడ్చి, కారం, ఎల్లిగడ్డ, అల్లం పట్టించి పులియబెట్టిన తొక్కు. కొరియాలో చలికాలం ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా కూడి చలికాలమంతటికీ సరిపడా పెట్టుకుంటారు. ఎండాకాలం మన వాకిళ్లలో మామిడికాయలు కొట్టి తొక్కు కలిపినట్టే. ఆ కిమ్చీ పెట్టే ఆచారాన్ని దక్షిణ కొరియా సంప్రదాయంగా 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. రంగు చూసి జంకకండి. కొరియా కారానికి ఎరుపెక్కువ, మంట తక్కువ. మన వరంగల్ చపాటా మిర్చి కూడా అదే గుణం గలది, టమాటాలా గుండ్రంగా, నిండు ఎరుపుగా, మంట తక్కువగా. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏనుమాముల మార్కెట్లో ఆ రాశులు చూసినవాళ్లకు కిమ్చీ ఎరుపు అర్థమవుతుంది. ఇంట్లో ఒకసారి చపాటా కారంతోనే కిమ్చీ పెట్టాను. రంగు అచ్చం అదే వచ్చింది. తినేటప్పుడు తొక్కులాగే చూడాలి, ఉత్తదే గిన్నెడు తినేది కాదు, అన్నంలోకి నంజుకునేది.

బిబింబాప్ అంటే అన్నం మీద రకరకాల కూరలు విడివిడిగా పేర్చి, పైన గుడ్డు పెట్టి ఇచ్చే కొరియా గిన్నె. గోచుజాంగ్ అనే తియ్యకారపు ముద్ద వేసి బాగా కలపాలి. కలపకుండా పైపైన తిని “ఏం రుచి లేదు” అంటే తప్పు వంటది కాదు. మన దగ్గర అన్నం కలపడం నేర్పాల్సిన పని లేదు, చెంచాతోనైనా అదే మనసుతో కలపండి.

థాయ్ గ్రీన్ కర్రీ కొబ్బరిపాల కూర. కొద్దిగా తియ్యదనం ఉంటుంది, వెనక నుంచి పచ్చిమిర్చి ఘాటు వస్తుంది. తెలంగాణ నాలుకకు కొబ్బరి అంతగా అలవాటు లేదు, ఆ తియ్యదనం కొందరికి నచ్చకపోవచ్చు. అందుకే దీన్ని ఒక్క గిన్నె తెప్పించి పంచుకోవడమే మేలు. రామెన్ జపాన్ నూడుల్స్ గిన్నె, ప్రాణమంతా రసంలో ఉంటుంది. లక్సా మలేషియా, సింగపూర్ వైపు కొబ్బరిపాల నూడుల్స్. ఫో వియత్నాం నూడుల్స్ సూప్, అక్కడివాళ్లు ‘ఫా’ అన్నట్టు పలుకుతారు.

సుషీ దగ్గర ఆగాలి. సుషీ అంటే పచ్చి చేప అని చాలామంది అనుకుంటారు. నిజానికి సుషీకి ముఖ్యం వెనిగర్ కలిపిన జిగురు అన్నం. లోపల కీరదోస ఉన్నా, ఉడికించిన రొయ్య ఉన్నా సుషీయే. పచ్చి చేప వడ్డించాలంటే ముందు దాన్ని మైనస్ 20 డిగ్రీల చలిలో 7 రోజులుంచి, అందులోని పురుగులు చచ్చేలా చెయ్యాలనేది అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) చెప్పే పద్ధతి. అదయ్యాక కూడా చేప దారి పొడవునా చల్లగానే ఉండాలి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఊళ్లో నేనైతే పచ్చి చేప తెప్పించను. కీరదోస, అవకాడో, టెంపురా (పలచటి పిండిలో ముంచి వేయించిన) రొయ్య రోల్స్ తీసుకుంటాను. గర్భిణులకూ, చిన్నపిల్లలకూ పచ్చి చేప వద్దే వద్దు. పక్కన పెట్టే ఆకుపచ్చ ముద్ద వసాబీని చట్నీలా తీసుకోకండి. మిరపకాయ మంట నాలుక మీద, దీనిది ముక్కులో. చాలా హోటళ్లలో అది హార్స్‌రాడిష్ దుంపకు రంగు కలిపిందే.

మూడో అడుగు: “వెజ్ కదా?” అని మాత్రం అడగకండి

మా రెండో ప్రయాణం శనివారం. అత్తమ్మకని వెజ్ టామ్ యమ్ చెప్పాను. “వెజ్ కదా తమ్మీ?” అంటే “వెజ్జే మేడం” అన్నాడు ఆ పిల్లవాడు. రెండు చెంచాలు తాగి అత్తమ్మ ఆగింది. గిన్నె దగ్గరికి ముఖం పెట్టి వాసన చూసింది. “ఎండుచాప వాసనొస్తుంది బిడ్డా” అంది, గట్టిగా కూడా కాదు. వంటాయనను పిలిపించి అడిగితే నిజం చెప్పాడు. చికెన్ ముక్కలకు బదులు పుట్టగొడుగులు వేశారు గానీ, అడుగున వేసే పేస్టులో ఎండు రొయ్యలున్నాయి, పైన ఫిష్ సాస్ పడింది. అత్తమ్మ చెంచా కింద పెట్టి, నోరు పుక్కిలించి వచ్చి కూర్చుంది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేసి దీపం పెట్టుకుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పిల్లవాడు అబద్ధం చెప్పలేదు, ముక్కల్ని బట్టి చెప్పాడు. నేను అడిగిన తీరులోనూ లోపముంది. ఇప్పుడు ఇలా అడుగుతాను: “తమ్మీ, ఇందులో ఫిష్ సాస్ గానీ, ఆయిస్టర్ సాస్ గానీ, రొయ్యల పేస్టు గానీ పడుతుందా? సూప్‌కు వాడే నీళ్లు కూరగాయలవా, చికెన్ ఉడికించినవా? వంటగదిలో అడిగి చెప్పు, మేం ఆగుతాం.” ఆ చివరి మాట ముఖ్యం. తొందర లేదని చెబితే లోపలికి వెళ్లి అడిగి వస్తారు.

ఎక్కడెక్కడ దాగుంటుందో గుర్తుంచుకోండి. టామ్ యమ్‌లో, ప్యాడ్ థాయ్‌లో ఫిష్ సాస్. గ్రీన్, రెడ్ కర్రీ పేస్టులో రొయ్యల పేస్టు. ఆకుకూరలు వేయించే సాస్‌లో ఆయిస్టర్, అంటే సముద్రపు ఆల్చిప్పల రసం. చూడ్డానికి మన పప్పుకట్టులా కనిపించే మీసో సూప్‌లో దాషీ అనే రసం, దానికి ఎండబెట్టిన చేపను వాడతారు. కిమ్చీలో చేప సాస్ లేదా ఉప్పు రొయ్యలు. హక్కా నూడుల్స్‌లో ఒక్కోచోట గుడ్డు. జెల్లీలా వణికే పుడ్డింగుల్లో జెలటిన్, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు, అగర్ అయితే సముద్రపు నాచుది. వీటన్నిటికీ శాకాహారపు బదులు దినుసులున్నాయి. సోయా, పుట్టగొడుగుల సాస్‌తో శుభ్రంగా వండే హోటళ్లు ఉన్నాయి. అడిగితే గర్వంగా చెబుతారు కూడా.

వేయించే నూనె, మూకుడు వేరేనా అన్నది ఇంకో ప్రశ్న. ఖచ్చితంగా పాటించేవాళ్లుంటే వేపుళ్లు వదిలేసి, వేరే గిన్నెలో ఆవిరి పట్టిన వాటికే పరిమితం కావడం మంచిది.

మయోనైజ్ మాట కూడా ఇక్కడే. మోమోల పక్కన తెల్లగా పెట్టేది అదే. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు, ఒక మహిళ చనిపోయింది. ఆ నెల 30న పచ్చి కోడిగుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు, మయోనైజ్‌ను వేడి చేయరు కాబట్టి అది చావదు. “ఎగ్‌లెస్‌దేనా, సీలు డబ్బాలోదేనా?” అని అడగండి. తృప్తికరమైన జవాబు రాకపోతే టమాటా, నువ్వుల పచ్చడితోనే తినండి. దానికే రుచి ఎక్కువ.

అజినమోటో గురించి కూడా అందరూ అడుగుతారు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా కోంబు అనే సముద్రపు నాచు రసంలోంచి దాని మూలాన్ని వేరుచేశాడు. అదే గుణం టమాటాలోనూ, ఎండు పుట్టగొడుగుల్లోనూ సహజంగా ఉంటుంది. పడదనుకునేవాళ్లు వేయొద్దని చెప్పొచ్చు. సీసాల్లో వచ్చే సాసుల్లో అది ముందే ఉంటే మాత్రం వంటాయన తీసెయ్యలేడు.

నాలుగో అడుగు: తక్కువ చెప్పి, పంచుకుని, వరసలో తెప్పించాలి

అందరికీ తలా ఒక గిన్నె చెప్పడం మనం చేసే పెద్ద పొరపాటు. ఐదుగురం వెళ్తే మేం చెప్పేది ఇంతే: రెండు ప్లేట్ల ఆవిరి వంటలు, ఒకటి వెజ్, ఒకటి చికెన్. రెండు సూప్‌లు, వాటిని చిన్న గిన్నెల్లో పంచమంటాం. ఒక నూడుల్స్, ఒక అన్నపు వంట, ఒక కూర. అప్పటికీ ఆకలి మిగిలితే ఇంకోటి. నీసు తినేవాళ్లవీ, తినని వాళ్లవీ టేబుల్ మీద రెండు వైపులా పెట్టించి, వడ్డించే చెంచాలు వేరుగా అడగండి.

అన్నీ ఒకేసారి రానివ్వకండి. “ముందు మోమోలు, సూప్ తేండి. అవి అయినంక చెప్తం, అప్పుడు నూడుల్స్ వెయ్యండి” అని స్పష్టంగా చెప్పాలి. ఆవిరి వంట చల్లారితే పైపొర తోలులా సాగుతుంది. పెద్ద మంట మీద వేయించినవి పది నిమిషాలకు నీరు వదుల్తాయి. రామెన్ నూడుల్స్ రసంలో నానుతూనే ఉంటాయి, పెట్టిన వెంటనే తినాలి. ఫొటోలు ఒక్కటి చాలు.

కారం సంగతి చెబుతాను. “స్పైసీగా చెయ్యండి” అని మనం అలవాటుగా అంటాం. అప్పుడు వంటాయన ప్రతిదాంట్లోనూ రెడ్ చిల్లీ సాస్ దట్టిస్తాడు, ఐదు దేశాల వంటలూ ఒకే రుచికొస్తాయి. నా మాట విని మొదటిసారి వాళ్లు వండినట్టే వండమనండి, పక్కన పచ్చిమిర్చి ముక్కలు, చిల్లీ ఆయిల్ అడిగి పెట్టుకోండి. తక్కువైతే మీరే కలుపుకోవచ్చు, ఎక్కువైతే ఎవరూ తీయలేరు.

ఐదో అడుగు: తినే తీరు

చెయ్యితో తినొచ్చా అని అత్తమ్మ మెల్లగా అడిగింది. తినొచ్చు. జపాన్‌లోనే సుషీని వేళ్లతో తీసుకుని తినడం మర్యాదైన పద్ధతే. బావ్ చేతిలో పట్టుకునేదే. థాయిలాండ్‌లో అన్నం చెంచా, ఫోర్కుతో తింటారు, పుల్లలు (చాప్‌స్టిక్స్) నూడుల్స్ సూప్‌లాంటి వాటికే. పుల్లలతో తినలేకపోవడం తక్కువతనం కాదు.

నేర్చుకోవాలనుంటే మాత్రం ఇలా చెయ్యండి. కింది పుల్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో ఆనించి, ఉంగరపు వేలి మీద పెట్టండి. అది కదలకూడదు. పై పుల్లను పెన్ను పట్టుకున్నట్టు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టుకోండి. కదిలేది అదొక్కటే. రెండు కొనలూ సమానంగా ఉన్నాయో లేదో టేబుల్ మీద తట్టి చూసుకోండి. కొనకు దగ్గరగా పట్టుకుంటే పట్టు జారుతుంది, కాస్త పైన పట్టుకోండి. మోమోతో మొదలుపెట్టి, తర్వాత నూడుల్స్, చివరికి పల్లీ గింజ. మా అమ్మాయి వాళ్ల నానమ్మ వేళ్లను తన చేత్తో సర్ది పెడుతుంటే, పల్లీ గింజ మూడుసార్లు జారి నాలుగోసారి నిలబడింది. అత్తమ్మ దాన్ని నోట్లో వేసుకోలేదు, కాసేపు అలాగే పట్టుకుని చూసింది.

పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకండి. తూర్పు ఆసియా దేశాల్లో అది చనిపోయినవాళ్లకు పెట్టే అన్నాన్ని, ధూపాన్ని గుర్తుచేస్తుంది. జపాన్‌వాళ్లు పుల్లల నుంచి పుల్లలకు ముద్ద అందించరు, దహనం తర్వాత అస్థికలను అలా అందుకుంటారు కాబట్టి. మన దగ్గర కొన్ని పనులు ఎందుకు చెయ్యమో పిల్లలకు చెప్పినట్టే ఇదీ చెప్పాలి.

మోమోను పచ్చడిలో ముంచేటప్పుడు కొన మాత్రమే తడపండి. ముందు చిన్నగా కొరికి లోపలి ఆవిరి పోనివ్వండి. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుంటే లోపలి వేడి రసానికి అంగిలి కాలుతుంది. సుషీని కూడా అన్నం వైపు సోయాలో ముంచితే విడిపోతుంది, అంచు తాకిస్తే చాలు.

బాగాలేకపోతే అప్పుడే చెప్పండి. సగం తిన్నాక కాదు, రెండో ముద్దకే. “మోమోలు లోపల చల్లగున్నయి తమ్మీ, మళ్లీ ఆవిరి పట్టియ్యి” అంటే ఎవరూ కాదనరు. చికెన్ లోపల గులాబీ రంగులో మెత్తగా కనిపిస్తే తినకుండా వెనక్కి పంపాలి. అందులో మొహమాటం పనికిరాదు. బాగుంటే కూడా చెప్పండి, వంటగదిలోకి వినపడేలా. కాజీపేట రైలెక్కి ఈశాన్య రాష్ట్రాల నుంచో, నేపాల్ నుంచో పనికి వచ్చిన వంటపిల్లలు ఇలాంటి చోట్ల కనిపిస్తారు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు ఆ మాట విలువ ఎంతో.

ఆరో అడుగు: బిల్లు చదవాలి

ఇది త్వరగా చెబుతాను. మామూలు హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర అని రెండు వరసల్లో ఉంటుంది. 1,600 రూపాయల భోజనానికి 80 రూపాయలు. కాంపోజిషన్ పద్ధతిలో (అమ్మకాల మొత్తం మీద తామే తక్కువ పన్ను కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీదే రాసి ఉండాలి.

సర్వీస్ చార్జి వేరు. దాన్ని తనంతట తానే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో దిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమని నిదానంగా అడగండి. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. వడ్డించిన పిల్లవాడికి మీరివ్వాలనుకున్నది మీ చేత్తో అతని చేతిలో పెట్టండి, అది నేరుగా అతనికి చేరుతుంది. బిల్లు మీద గానీ గోడ మీద గానీ 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్ నంబరు కనిపించాలి. కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు ఒకసారి కళ్లెత్తి చూడండి.

ఏడో అడుగు: మిగిలింది ఇంటికి తెచ్చుకునేటప్పుడు

రామెన్ పార్సిల్ చెబితే రసం, నూడుల్స్ వేరు వేరు డబ్బాల్లో కట్టమనండి. సుషీ మిగిలితే ఇంటికి తేకండి. ఫ్రిజ్‌లో పెడితే అన్నం గట్టిపడుతుంది, బయట పెడితే చెడిపోతుంది. ఫ్రైడ్ రైస్, కూరలు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. వండిన అన్నం బయట ఉంటే అందులో పెరిగే ఒక రకం క్రిమి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి పార్సిల్ స్కూటీ డిక్కీలో మర్చిపోయి పొద్దున చూస్తే పారబొయ్యడమే. ఎండాకాలం మన దగ్గర ఆ రెండు గంటలు కూడా ఎక్కువే.

గ్రీన్ కర్రీ మిగిలితే పొద్దున బాగా మరగకాచి జొన్న రొట్టెతో తిని చూడండి. అన్నంతో తియ్యగా అనిపించిన కొబ్బరిపాలు జొన్న రొట్టె పక్కన కుదురుకుంటాయి. ఇది మాకు అనుకోకుండా దొరికిన జోడీ.

ఇంటికొచ్చాక చేసే పని ఇంకొకటుంది. ఎవరికి ఏది నచ్చింది, ఏది పడలేదు, ఏ ప్రశ్నకు ఏం జవాబు వచ్చింది, అదే రాత్రి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మళ్లీ వెళ్లేది రెండు నెలలకో, పండగకో. అప్పటికి పేర్లన్నీ కలగలిసిపోతాయి. మా అమ్మాయి పెట్టిన ఆ జాబితాలో నానమ్మ పేరు కింద ఇప్పుడు మూడున్నాయి: పుట్టగొడుగుల బావ్, ఫిష్ సాస్ లేని ప్యాడ్ థాయ్, నువ్వుల పచ్చడితో వెజ్ మోమో. మూడోదాని పక్కన నానమ్మ చెప్పి రాయించిన మాట కూడా ఉంది: “పచ్చట్ల ఎల్లిగడ్డ జెర ఎక్కువెయ్యమనాలె.”